పేరు లేని పట్టు

నిన్న మధ్యాహ్నం నా గదంతా నిమ్మకాయ వాసన నిండింది. దుబాయిలో కట్టడం పనిలో చెయ్యి నలిగి వాపసు వచ్చిన మెట్‌పల్లి మనిషొకాయన నా ఎదురుగా కూర్చొని, సగం ఎండిన నిమ్మకాయను కుడిచేత్తో నలపడానికి తంటాలు పడుతున్నాడు. నేను జగిత్యాలలో ఫిజియోథెరపిస్టును. దెబ్బతిన్న చేతులకు మళ్లీ పని నేర్పడం నా పని. ఇందుకోసం రంగురంగుల రబ్బరు బంతులు దొరుకుతాయి, నా అల్మారాలో కూడా ఉన్నాయి. అయినా నేను నిమ్మకాయే ఇస్తాను. "బంతి లేదా మేడం, గీ నిమ్మకాయేంది?" అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. బంతిని నొక్కితే నొక్కినవాళ్లకే తెలుస్తుంది, నిమ్మకాయను నొక్కితే గదిలో అందరికీ తెలుస్తుంది అంటాను. ఈ జవాబు నా సొంతం కాదు. ఖైరున్నీసా మేడం దగ్గర తెచ్చుకున్నది, ఇప్పటిదాకా తిరిగి ఇవ్వలేదు.

ఆవిడ మాకు సిరిసిల్లలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. పుట్టిల్లు జగిత్యాల. భర్తకు కోరుట్లలో గడియారాలు బాగుచేసే దుకాణం. ఉద్యోగం మాత్రం సిరిసిల్లలో. అందుకని మా గల్లీలోనే ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవారు, శనివారం బడి వదలగానే కోరుట్ల బస్సెక్కేవారు. పొట్టి మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ అది దిగిపోవడానికీ ఎక్కువసేపు పట్టేది కాదు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, గల్లీలో మా తెలుగు. మూడు భాషల్లోనూ తిట్టగలిగేవారు, ఏ భాషలో తిడుతున్నారో దాన్ని బట్టి కోపం ఎంతో మేం లెక్కగట్టుకునేవాళ్లం. సోమవారం పొద్దున ఆవిడ గుడ్డసంచి నిండుగా ఉంటే ఆ వారం పాఠం బాగుంటుందని అర్థం. భర్త దుకాణం నుంచి ఏవేవో పట్టుకొచ్చేవారు మరి.

ఒకరోజు పాఠంలో చేతులతో పట్టుకోవడానికి సంబంధించిన మాటలు వచ్చాయి. మాలో ఒకమ్మాయి గైడు చూసి అర్థాలు అప్పజెప్పింది. హోల్డ్ అంటే పట్టుకొను. గ్రిప్ అంటే పట్టుకొను. గ్రాస్ప్ అంటే పట్టుకొను. క్లచ్ దగ్గరికి వచ్చేసరికి గైడు కొంచెం దయ తలచి గట్టిగా పట్టుకొను అన్నది. మేడం ఆ గైడు అడిగి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "గీ గైడు రాసినాయనకు చేతులు లేనట్టున్నయి" అన్నారు. తర్వాత సంచి బల్ల మీద గుమ్మరించారు. నిమ్మకాయ, తాళంచెవి, గడియారాల సన్న మరలు పట్టే చిమటా, తాడు ముక్క, ఒక గోళీ, జామకాయ. ఆవిడ గొడుగు ఎలాగూ ఉంది.

ఒక్కొక్కరినే పిలిచి ఒక్కో వస్తువు ఇచ్చారు. గొడుగు కర్రను వేళ్లన్నీ చుట్టి బిగిస్తే గ్రిప్. నిండు బస్సులో చంటిపిల్ల జారిపోతుందేమోనని తల్లి అదుముకుంటే క్లచ్, "అండ్ల భయముంటది, గ్రిప్‌ల ఉండది" అన్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని విడవకుండా ఉంటే క్లాస్ప్. చిటికెడు ఉప్పు తీసేటప్పుడు పించ్, పిల్లల బుగ్గ మీదా అదే పించ్. స్నాచ్ అంటే ఏమిటో చెప్పమని నన్ను అడిగారు. నేను ఆలోచిస్తుండగానే నా చేతిలో జామకాయ మాయమై ఆవిడ నోట్లో ఉంది. క్లాసంతా నవ్వింది. నాకు జామకాయ పోయిందని ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మాట అర్థం ఈ జన్మలో మరిచిపోలేను.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది క్లెంచ్. పిడికిలి బిగించి చూపిస్తూ, "దీంట్ల ఏమున్నది చెప్పుండ్రి" అని అడిగారు. ఏమీ లేదన్నాం. "ఏం లేకున్నా పట్టుకునుడే. మనిషి చెయ్యి గంత పిచ్చిది" అన్నారు. ఆ రోజంతా నేను మనుషుల చేతులే చూస్తూ తిరిగాను. చాయ్ దుకాణంలో గ్లాసులను నాలుగు వేళ్లతో లోపలి నుంచి పట్టి తీసే పద్ధతి, మూట నెత్తిన పెట్టుకున్న ఆవిడ ఒక చేత్తో దాన్ని పట్టీ పట్టనట్టు పట్టుకోవడం. పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందున్నవే, ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు మేడం మమ్మల్ని ఎదురు అడిగారు. "ఇంగ్లీషుల ఇన్నున్నయి. మన ఇండ్లల్ల ఎన్నున్నయో ఏరుకొని రాండ్రి." పిల్లలు ఎగబడి తెచ్చారు. ఒడిసిపట్టుకోవడం, గుంజుకోవడం, కరుచుకోవడం, పొదువుకోవడం, గుప్పెడు, చారెడు, దోసెడు. నేను మా అవ్వను చూసి ఒకటి తెచ్చాను. అవ్వ అంటే మా అమ్మే, మా వైపు అలాగే పిలుస్తాం. అవ్వ బీడీలు చుట్టేది. ఎడమచేతి బొటనవేలి కింద ఆకును అదిమిపెట్టి, మిగతా వేళ్లతోనే దాన్ని దోనెలా వంచి, అది విచ్చుకోకుండా అందులో తంబాకు పోసేది. దానికి ఇంగ్లీషులో ఏమంటారని అడిగాను. మేడం కాగితం ముక్కతో చేసి చూశారు. కాగితం విచ్చుకుంది. మళ్లీ చేశారు, మళ్లీ విచ్చుకుంది.

"తెల్వదు బిడ్డా" అన్నారు చివరికి.

ఒక టీచరు నోట ఆ మాట వినడం మాకదే మొదటిసారి. మాకు పాఠాలు చెప్పిన మిగతావాళ్లకు తెలియనిది అంటూ ఏమీ ఉండేది కాదు. మేడం మాత్రం ఏ సిగ్గూ లేకుండా, ఇంకా సంతోషంగా, "ఇంగ్లీషోల్లు బీడీలు సుట్టలే గదా, పేరెందుకు పెడతరు? అయినా దేవులాడుదాం" అని, తర్వాత వెతకడానికన్నట్టు కాగితం ముక్కను సంచిలో వేసుకున్నారు.

అవి ఎలాంటి రోజులో చెప్పాలి. పొద్దున లేచేసరికి గోడల మీద ఎర్ర అక్షరాలు ఉండేవి. మధ్యాహ్నానికి వాటి మీద సున్నం పూసేవారు. మర్నాటికి సున్నం మీద మళ్లీ అక్షరాలు. అడవిలోని అన్నలు పిలిచారని బంద్, పోలీసులు వచ్చారని బంద్. రెండింటికీ మధ్య మా ఇంట్లో పొయ్యి వెలగాలి. బాపు, అంటే నాన్న, దూరాన భివండిలో సాంచెలు నడుపుతుండేవాడు. కరెంటు మగ్గాలను మా ఊళ్లో సాంచెలంటారు. మా అన్న రాజేశంది ఊళ్లోనే నూలుకు రంగులద్దే కార్ఖానాలో పని. ఏ రంగు అద్దితే ఆ రంగు మోచేతుల దాకా ఎక్కేది. ఒక వారం ఆకుపచ్చ చేతులతో, ఒక వారం నీలం చేతులతో అన్నం తినేవాడు. నేను ఆట పట్టించేదాన్ని.

ఆ వారం అద్దింది ఎరుపు. పని ముగించుకొని వస్తుంటే బస్టాండు దగ్గర పోలీసులు చేతులు చూపించమన్నారు. ముందురోజే ఊళ్లో గోడలన్నీ ఎర్రగా రాసి ఉన్నాయి. మా వాడి చేతులు ఎర్రగా ఉన్నాయి. ఇక వాళ్లకు వేరే రుజువు ఏం కావాలి? జీపులో ఎక్కించుకొని పోయారు. ఏ ఠాణా అన్నది ఇప్పుడు నాకు ముఖ్యం కాదు. అవ్వ రోజూ పోయి గేటు బయట కూర్చొని వచ్చేది. కార్ఖానా ఆసామి మంచివాడే, కానీ తానొచ్చి చెబితే తనకూ అన్నలతో లంకె కడతారని భయం. ఆయన్ను తప్పుపట్టలేను, అప్పుడు అందరికీ భయమే.

మేడం సెలవులు ముగించుకొని కోరుట్ల నుంచి సోమవారం దిగి, గల్లీలో సంగతి విని, సంచి కూడా దించకుండా అవ్వనూ నన్నూ తీసుకొని ఠాణాకు పోయారు. లోపల పెద్దసారు మేడంను చూసి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. "సార్, ఆ పిలగాని చేతులు ఇంక ఎర్రగనే ఉన్నయా?" అని అడిగారు. ఉన్నాయి, అందుకే కదా తెచ్చామన్నాడు ఆయన. "గోడల మీద రాసేది జాజు, ఎర్రమన్ను. కడిగితే పోతది. ఇన్నొద్దులకు పోలేదంటే అది జాజు గాదు, నూలు రంగు. నా మాట నమ్మకుంటే నీళ్లు దెప్పియ్యండి, మీ ముంగట్నే కడుగుతం."  ఆయన నీళ్ల బకెట్ తెప్పించాడు. అన్నను బయటికి తెచ్చారు. అవ్వ వాడి చేతులు నీళ్లలో పెట్టి రుద్దింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. చేతులు ఎర్రగానే ఉన్నాయి.

"తీస్కపోండ్రి" అన్నాడు పెద్దసారు, ఎటో చూస్తూ.

రుద్దేటప్పుడే అవ్వకు తెలిసింది, కుడిచేతి వేళ్లు వాచి తలో దిక్కు ఉన్నాయి. లాఠీ వేళ్ల మీద పడింది. కరీంనగర్ దవాఖానలో పట్టీ వేశారు. పట్టీ విప్పేసరికి ఎముకలు అతికాయి గానీ, వేళ్లు ఎండుకట్టెల్లా బిగుసుకున్నాయి. అవ్వ ఒక్కటే మాట మీద నిలబడింది. వీడి చేతులు ఇంక రంగులో మునగవద్దు. ఆసామికి ఆ రంగుల కార్ఖానాతో పాటు సాంచెల షెడ్డు కూడా ఉంది. ఆయన సరేనన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. సాంచె మీద పోగు తెగితే నిమిషంలో ముడి వెయ్యాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి వేసే ముడి అది. "ముడేసి సూపియ్యి రాజేశం, తెల్లారి నుంచే పనిల పెట్టుకుంట" అన్నాడు. అన్నకు అప్పుడు చూపుడువేలు వంగడమే లేదు. ముడి పడకపోతే భివండి పోయినా పని దొరకదు. ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాడి వీపు చూస్తూ ఉండటం నాకు భరించరానంత కష్టంగా ఉండేది.

ఒకరోజు సాయంత్రం మేడం సంచితో మా ఇంటికి వచ్చారు. "రాజేశం, లే. నీకు ఇంగ్లీషు చెప్త" అన్నారు. వాడు ఎన్నాళ్లకో నవ్వాడు. "నాకెందుకు మేడం ఇంగ్లీషు?" అన్నాడు. "నీకు గాదు, నీ చేతికి" అన్నారు ఆవిడ.

దవాఖానలో ఎవరిని అడిగారో, భర్త దుకాణానికి వచ్చే కాంపౌండరును అడిగారో నాకు తెలియదు. రోజుకో మాట చొప్పున మొదలుపెట్టారు. మొదటిది హుక్. వేళ్లు కొంచెం వంచి బకెట్ తగిలించుకోవడమే, బొటనవేలి పని లేదు. ముందు ఖాళీ బకెట్, తర్వాత చెంబెడు నీళ్లు. ఆ తర్వాత గ్రిప్, గొడుగు కర్ర మీద. వాడు గొడుగు పట్టుకొని ఇంట్లో తిరుగుతుంటే అవ్వ మొత్తుకునేది, ఇంట్లో గొడుగేందని. నిమ్మకాయ వచ్చిన రోజు వాడు ఎంత నొక్కినా ఏమీ కాలేదు. "వాసనొచ్చినంక నన్ను పిలువుండ్రి" అని మేడం గదికి పోయారు. ఎన్ని సాయంత్రాలు గడిచాయో. ఒకనాడు అవ్వ బీడీలు చుడుతున్నదల్లా తలెత్తి, "నిమ్మకాయ ఎవలు కోసిర్రు?" అన్నది. ఎవరూ కోయలేదు. నేను మేడం గదికి పరిగెత్తాను.

వింతేమిటంటే, ఆ మాటలు వాడికి నిజంగానే పట్టుబడ్డాయి. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి, అన్నం ముద్ద చేస్తూ "ఇది గ్రాస్ప్ అయితదా మేడం?" అని అడిగేవాడు. చీపురు పట్టి, కడవ పట్టి, మేకపిల్లను పట్టి అడిగేవాడు. మేడం ఒక్కోసారి వెంటనే చెప్పేవారు. ఒక్కోసారి చాలాసేపు వాడి చేతినే చూసి, "తెల్వదు. నువ్వే జెప్పు, గట్ల పట్టుకుంటే ఎట్ల అనిపిస్తంది?" అనేవారు. అప్పుడు వాడు తన చెయ్యి గురించి మాట్లాడేవాడు. ఎక్కడ గుంజుతోంది, ఎక్కడ మొద్దుబారింది, ఏ వేలు మాట వింటోంది. ఠాణాలో ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, ఇవాళ్టికీ చెప్పలేదు. చెయ్యి గురించి మాత్రం చెప్పాడు. దెబ్బ తగిలిన చోటు గురించి మనిషి మాట్లాడటం మొదలుపెడితే సగం పని అయిందని నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను, అప్పటికే కళ్లారా చూసి ఉన్నాను.

పించ్ దగ్గర అంతా ఆగిపోయింది. ఉప్పు, చిమటా, సూది, ఏదిచ్చినా చూపుడువేలు రాలేదు. చివరి కణుపు వంగనంటే వంగలేదు. మేడం భర్త కోరుట్ల నుంచి గడియారపు మరలు డబ్బీలో వేసి పంపారు, ఏరమని. వేళ్ల మధ్య నుంచి అన్నీ జారిపోయాయి. ఒక సాయంత్రం వాడు ఆ డబ్బీని విసిరికొట్టాడు. మరలు ఇల్లంతా దొర్లాయి. నేను భయపడ్డాను, ఆవిడ ఉర్దూలో తిడతారని. ఆవిడ ఏ భాషలోనూ తిట్టలేదు. నేల మీద కూర్చొని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. కాసేపటికి అన్న కూడా సిగ్గుపడి దిగి ఏరసాగాడు. ఏరుతుండగా మేడం చెయ్యి ఆగిపోయింది. వాడివైపే చూస్తున్నారు. వాడు మరలను ఏరుతున్నది బొటనవేలూ మధ్యవేలూ కలిపి. చూపుడువేలు నిటారుగా పక్కకు ఉండిపోయింది. అడిగి తెచ్చుకున్న పట్టు కాదది. ఆదమరుపులో చెయ్యి తనంతట తాను వెతుక్కున్నది.

"గట్లనే ఉంచు" అన్నారు మేడం నెమ్మదిగా. "ఆ వేలును ఇగ అడగకు."

ఆ రోజు నుంచి అవ్వ రీలు దారం ఇస్తే దాంతోనే ముడులు. ఇంట్లో ఎక్కడ చూసినా ముడులు వేసిన దారం ముక్కలే.

ఆసామి షెడ్డుకు మేమంతా పోయిన పొద్దు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. సాంచెల చప్పుడులో మాట వినపడదు. ఆసామి ఒక సాంచె ఆపించి, తన చేత్తో పోగు తెంపి, "వెయ్యి" అన్నట్టు సైగ చేశాడు. అన్న వంగాడు. మొదటిసారి పోగు జారింది. అవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. నేను మేడం చెయ్యి పట్టుకున్నాను, అది క్లచ్ అని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.  రెండోసారి అన్న కొసలు రెండూ బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పెట్టి, తిప్పి, లాగాడు. ఆసామి పోగును గుంజి చూశాడు. సాంచె ఆడించమన్నాడు. ముడి దాటి బట్ట నడిచింది.

ఆసామి వాడి చెవి దగ్గరకు వంగి అరిచాడు. "ముడి మంచిగనే ఉన్నది గని, గిదేం పట్టురా? ఎన్నడు జూడలే."

అన్న మేడం వైపు చూసి, అంతే గట్టిగా అరిచి చెప్పాడు. "దీనికి పేరు మా మేడంకు గూడ తెల్వదు."

ఆవిడ అంతగా నవ్వడం నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

మరుసటి ఏడు ఆవిడకు కోరుట్ల బదిలీ అయింది. అన్న ఆ షెడ్డులోనే ఏళ్ల తరబడి పనిచేశాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లలకు ఆ పట్టు నేర్పబోతే వాళ్లకు రాలేదు. నేను ఈ చదువు వైపు ఎందుకు వచ్చానో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. కాలేజీలో చేతి పట్లకు పెద్ద పెద్ద పేర్లు చెప్పారు. ఒక్కో పేరు వినగానే నాకు గొడుగో, బకెట్టో, జామకాయో గుర్తొచ్చేవి. సెలవుల్లో జగిత్యాలలో మేడం పుట్టింటికి పోయి కొత్త పేర్లు అప్పజెప్పేదాన్ని. రిటైరయ్యాక అక్కడే ఉండేవారు. అంతా విని, "మరి మీ అవ్వ బీడీ ఆకు పట్టుకునే తీరు? రాజేశంది? గవి దొరికినయా?" అని అడిగేవారు. లేవనేదాన్ని. "దేవులాడు" అనేవారు, జర కూడా దిగులు లేకుండా. చివరిసారి చూసినప్పుడు మంచం మీద ఉన్నారు. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకొని చాలాసేపు విడవలేదు. క్లాస్ప్ అన్నాను. అవునన్నట్టు కళ్లు మూసుకున్నారు. ఆ చేతుల వెచ్చదనం కోసం ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు నాకు బెంగగా ఉంటుంది.

నిన్న మెట్‌పల్లి ఆయన నిమ్మకాయ వాసన తెప్పించగలిగాడు కానీ, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. చూపుడువేలు వంగదు, ఇక వంగే అవకాశమూ లేదు. ఇంటిదగ్గర చిన్న కుట్టు దుకాణం పెట్టుకుందామని ఆయన ఆశ, సూదిలో దారం ఎక్కించలేకపోతే ఆ ఆశ అక్కడితో సరి. ఆ వేలినే మళ్లీ మళ్లీ బతిమాలుతున్నాడు. నేను సొరుగులోంచి రీలు తీసి, దారం తెంపి, బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పెట్టి చూపించాను. ఆయన అలాగే పెట్టాడు. జారింది. మళ్లీ పెట్టాడు. నిలిచింది. తన చెయ్యే అయినా ఎవరిదో చూసినట్టు కాసేపు చూశాడు.

"గిదేం పట్టు మేడం? దీన్ని ఏమంటరు?"

"తెల్వదు" అన్నాను. "ఇంక దేవులాడుతనే ఉన్న. మీరైతే ముడి వెయ్యండి."